పట్టుకున్న ఓడ ఎవరిది?

(బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్., తరం తెలుగు కార్మికుల స్మృత్యర్థం ఖరగ్‌పూర్‌లోని మలంచాలో చేసిన ఉపన్యాసం పాఠం)

ఖరగ్‌పూర్‌లో రైలెక్కి విశాఖ వైపు బయలుదేరినవాళ్లకు రెండు గంటలు తిరక్కముందే బాలాసోర్ తగులుతుంది. స్టేషన్లోంచి చూస్తే సముద్రం కనిపించదు. ఆ తీరానికి ఎదురుగా, హుగ్లీ ముఖద్వారానికి చేరువలో, కలకత్తా వెళ్లే ఓడలు నదిలోకి దారి చూపే పైలట్ కోసం లంగరు వేసుకుని కాచుకునేవి. నావికులు ఆ చోటును బాలాసోర్ రోడ్స్ అనేవారు. 1796 జనవరి 29న అక్కడ ఒక ఓడ చేతులు మారింది. దాని మీద లేచిన తగాదా ఏడాదిన్నర నలిగి, చివరికి పారిస్ చట్టసభలో గాని తేలలేదు.

పట్టుకున్నవాడు రోబెర్ సుర్కూఫ్. సెయింట్ మాలో రేవులో పుట్టిన ఫ్రెంచి నావికుడు, అప్పటికి ఇరవై రెండేళ్లవాడు. నేటి మారిషస్‌ను ఆనాడు ఇల్ ద ఫ్రాన్స్ అనేవారు. అక్కడి నుంచి ఎమిలీ అనే చిన్న ఓడలో బయలుదేరాడు. గవర్నరు మలార్తిక్ అతని చేతికిచ్చిన కాగితం సీషెల్స్ దీవులకు వెళ్లి తాబేళ్లు తీసుకురావడానికి మాత్రమే. శత్రువుల ఓడల మీద పడాలంటే ప్రభుత్వం విడిగా అనుమతి పత్రం ఇవ్వాలి. అది అతని దగ్గర లేదు. సీషెల్స్‌లో ఇంగ్లీషు ఓడలు వెంటపడటంతో అతను బంగాళాఖాతం వైపు తిరిగాడు. హుగ్లీ ముఖద్వారం దగ్గర ఒక పైలట్ ఓడ, బియ్యం మోస్తున్న డయానా అనే ఓడ అతని చేతికి చిక్కాయి. ఆ పైలట్ ఓడలోనే ఇరవైమందికి లోపు మనుషులతో ట్రైటన్ పక్కకు చేరాడు. ట్రైటన్ ఈస్టిండియా కంపెనీ వ్యాపారంలో ఉన్న పెద్ద ఓడ. 26 ఫిరంగులు, నూటయాభై మంది దాకా మనుషులు. వచ్చేది తమ పైలటే అనుకుని ఓడవాళ్లు దగ్గరికి రానిచ్చారు. కెప్టెన్ ప్రాణం పోయింది, ఓడ పోయింది.

కథల పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు విషయం మాత్రం అతను పట్టుకున్న ఓడలు ఇల్ ద ఫ్రాన్స్ చేరాక మొదలైంది. అవి శత్రువుల ఓడలే, యుద్ధంలో పట్టుకున్నవే, అందులో పేచీ లేదు. పేచీ అంతా ఎవరికి చెందుతాయన్న దాని మీదే. అనుమతి పత్రం లేనివాడు పట్టుకుంటే ఆ సొమ్ము పట్టుకున్నవాడిది కాదు, ప్రభుత్వానిది అని గవర్నరు మొత్తం స్వాధీనం చేసుకున్నాడు. సుర్కూఫ్ ఫ్రాన్స్‌కు వెళ్లి పాలకుల దగ్గర మొర పెట్టుకున్నాడు. 1797 సెప్టెంబరులో ఐదువందల సభ్యుల చట్టసభ అతనికి 6,60,000 ఫ్రాంకులు ఇవ్వాలని తీర్మానించింది. గవర్నరు వాదన చట్టం ప్రకారం సరైనదే. చట్టసభ ఇచ్చినది న్యాయంగా రావలసిన వాటా కాదు, సాహసానికి బహుమానం.

యుద్ధంలో ఓడను పట్టుకోవడం బలంతో అయ్యే పని. దాన్ని సొంతం చేసుకోవడానికి బలం చాలదు, కోర్టు తీర్పు కావాలి. ఇలాంటి తగాదాలు వినే కోర్టుకు ప్రైజ్ కోర్టు అని పేరు. పట్టుకున్న ఓడను రేవుకు తేవాలి. అందులోని కాగితాలన్నీ, అంటే సరుకు రసీదులు, అద్దె ఒప్పందం, దినచర్య పుస్తకం, సిబ్బంది జాబితా, ఉన్నవి ఉన్నట్టు కోర్టులో పెట్టాలి. కెప్టెన్నీ మరికొందరు సిబ్బందినీ ముందే రాసిపెట్టిన ప్రశ్నలు అడిగి జవాబులు నమోదు చేస్తారు. ఆ తర్వాత ఓడ నాది, సరుకు నాది అనేవాళ్లు వచ్చి చెప్పుకోవాలి. రుజువు చేసుకునే భారం వాళ్ల మీదే ఉంటుంది. రానివాడి సరుకు పోయినట్టే.

ఈ చివరి నియమం దగ్గరే ఈ ఉపన్యాసం నిలబడుతుంది. లండన్‌లోనో పారిస్‌లోనో వకీలు ఉన్న వర్తకుడు వచ్చి చెప్పుకుంటాడు. డయానాలోని బియ్యంలో పది బస్తాలు తనవైన చిన్న వ్యాపారి ఎక్కడికి వెళ్లి చెప్పుకుంటాడు? ఓడతో పాటు జీతం బకాయి పోయిన ఖలాసీ ఎవరి ముందు నిలబడతాడు? ఈ సభ ఎవరి స్మృతికి జరుగుతోందో వాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరిన ఆ తరం, 1927, 28 సంవత్సరాల్లో ఉద్యోగాల తీసివేతలకు వ్యతిరేకంగా సమ్మెకు దిగింది. వాళ్లకు నాయకత్వం వహించిన వి.వి. గిరి తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యారు. మన మాట వినకుండా మన బతుకు తెరువు ఎలా లాక్కుంటారన్నదే ఆ కార్మికుల వాదన. ప్రైజ్ కోర్టు మూల సూత్రం కూడా అదే. ఆ సూత్రం ఎవరిదాకా వచ్చింది, ఎవరిదాకా రాలేదు అన్నది చూడాలి.

కలకత్తా పేరు ఈ న్యాయశాస్త్రంలో చిరకాలం నిలిచింది. దానికి కారణం 1801లో లండన్‌లో తేలిన ఇండియన్ చీఫ్ అనే ఓడ కేసు. న్యాయమూర్తి సర్ విలియం స్కాట్, తర్వాత లార్డ్ స్టోవెల్ అయ్యారు. 1798 నుంచి 1828 దాకా ప్రైజ్ తగాదాలు వినే లండన్ కోర్టు పీఠం మీద కూర్చుని, నేటికీ న్యాయవాదులు ఉదాహరించే తీర్పులు రాసినవాడు. ఆ ఓడ యజమాని జాన్సన్ అమెరికన్. చాలాకాలం ఇంగ్లండ్‌లో వ్యాపారం చేసి, ఆ దేశం వదిలి వెళ్లిపోయాడు. సరుకులో కొంత మిల్లర్ అనే మరో అమెరికన్‌ది. అతను కలకత్తాలో ఉంటున్నాడు, పైగా అక్కడ అమెరికా కాన్సల్ కూడా. ఫ్రాన్స్‌తో బ్రిటన్ సాగిస్తున్న యుద్ధంలో అమెరికా తటస్థ దేశం. ఇద్దరూ అమెరికన్లే కాబట్టి ఇద్దరి ఆస్తీ వదిలేయాలని వాదన.

స్కాట్ ఓడను జాన్సన్‌కు తిరిగి ఇప్పించాడు. ఇంగ్లండ్‌ను శాశ్వతంగా వదిలి బయలుదేరిన రోజే అతను మళ్లీ అమెరికన్ అయ్యాడన్నాడు. మిల్లర్ సరుకును మాత్రం జప్తు చేశాడు. కలకత్తాలో కాపురం పెట్టి, కంపెనీ నీడలో వర్తకం చేస్తున్నవాడు యుద్ధం విషయంలో బ్రిటిష్ వర్తకుడే అవుతాడు, బ్రిటిష్ వర్తకుడు శత్రువుతో వ్యాపారం చేయకూడదు అన్నాడు. కలకత్తా మొగలు చక్రవర్తి రాజ్యంలోది కదా, బ్రిటిష్ నేల ఎలా అవుతుంది అన్న వాదన కూడా వచ్చింది. మొగలు అధికారం పేరుకే మిగిలిన నీడ అని స్కాట్ దాన్ని తోసిపుచ్చాడు. ప్లాసీ తర్వాత నలభై నాలుగేళ్లకు, ఢిల్లీలో పాదుషా ఇంకా సింహాసనం మీద ఉండగానే, ఒక సరుకు తగాదాలో లండన్ న్యాయమూర్తి బెంగాల్ ఎవరిదో తేల్చేశాడు.

పుట్టిన ఊరు కాదు, కాపురం ఉన్న ఊరే లెక్క అన్న ఈ నియమం మలంచాలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు వెంటనే అర్థమవుతుంది. శాంతికాలంలో అది ఓటరు జాబితాకో రేషన్ కార్డుకో సంబంధించిన విషయం. యుద్ధంలో ఆ ఒక్క నియమం ఒక మనిషి సర్వస్వాన్ని శత్రువు ఆస్తిగా మార్చగలదు. స్కాట్ మహా మేధావి, సందేహం లేదు. మిల్లర్ విషయంలో అతని తర్కం కూడా బలమైనదే. కానీ మొగలు అధికారాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయడం సామ్రాజ్యం పక్షాన నిలబడి రాసిన మాట. దాన్ని న్యాయశాస్త్రం అని ఇవాళ ఎవరూ ఒప్పుకోనక్కరలేదు.

బాలాసోర్ నుంచి రైలు ఇంకా దక్షిణానికి పోతే విశాఖపట్నం. 1804 సెప్టెంబరు 15న ఆ రేవు ముందు ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో ప్రత్యక్షమయ్యాడు. రేవులో లంగరు వేసి ఉన్నవి 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో రెండు కంపెనీ సరుకు ఓడలు. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టాడు. సరుకు ఓడల్లో ఒకటైన బార్నబీ ఒడ్డు వైపు కొట్టుకుపోయి అలల్లో పగిలిపోయింది. రెండోది ప్రిన్సెస్ షార్లెట్, ఫ్రెంచివాళ్లకు లొంగిపోయింది. దెబ్బతిన్న సెంచూరియన్‌ను వదిలి, ఆ ఒక్క ఓడను తీసుకుని లినోయి ఇల్ ద ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. అంత బలగంతో వచ్చి ఒక్క యుద్ధనౌకను పట్టుకోలేకపోయాడన్న అపఖ్యాతి అతన్ని వెంటాడింది.

ఒకే ఉదయం, ఒకే రేవు, రెండు ఓడలు. చట్టం దృష్టిలో వాటి గతులు వేరు. ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడిన ఓడ కాబట్టి తీర్పు కావాలి, వేలం కావాలి, పంపకం కావాలి. బార్నబీని ఎవరూ పట్టుకోలేదు, అది మునిగిన ఓడ. దాని నష్టం యజమానికీ బీమాదారుకూ మధ్య లెక్క. రెండింటిలోనూ పనిచేసిన ఖలాసీల నష్టం ఈ రెండు ఖాతాల్లో దేనిలోకీ ఎక్కలేదు. ఓడ పోతే జీతం పోతుందన్నది ఆ కాలపు నావిక చట్టం: ఓడ సరుకును గమ్యానికి చేర్చి కిరాయి సంపాదిస్తేనే నావికుడికి కూలి. పట్టుబడిన ఓడ కిరాయి సంపాదించదు. ఇంత అన్యాయమైన నియమాన్ని చాలా దేశాల కోర్టులు ఎంతోకాలం మామూలు విషయంగా చూశాయి.

పందొమ్మిదో శతాబ్దం ఈ రంగంలో కొంత మర్యాద తెచ్చింది. 1856 పారిస్ ప్రకటన సుర్కూఫ్ లాంటి ప్రైవేటు వేటగాళ్లను నిషేధించింది. తటస్థ దేశపు జెండా కింద ఉన్న శత్రు సరుకును, శత్రు జెండా కింద ఉన్న తటస్థుల సరుకును, యుద్ధ నిషిద్ధ సరుకు తప్ప, ముట్టుకోకూడదంది. ఈ నియమం ఎంత బలమైనదో మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో, 1914 సెప్టెంబరులో, బంగాళాఖాతంలోనే తేలింది.

జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ అప్పుడు కలకత్తా దారి మీద మాటు వేసింది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ సెప్టెంబరు 10 నుంచి 14 దాకా వరుసగా ఓడలను ఆపాడు: ఇండస్, లోవట్, కబింగా, కిలిన్, డిప్లొమాట్, ట్రబాక్, క్లాన్ మాథెసన్. డిప్లొమాట్ నిండా టీ. కిలిన్ నిండా బొగ్గు. క్లాన్ మాథెసన్ కలకత్తాకు తెస్తున్న సరుకులో రైలింజన్లు ఉన్నాయి. రైలు మీద బతికే ఖరగ్‌పూర్ ఆ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. ఎమ్డెన్‌కు దగ్గర్లో స్వదేశపు రేవు లేదు, కోర్టు లేదు. పట్టుకున్న బ్రిటిష్ ఓడలను తీసుకెళ్లి తీర్పు అడిగే అవకాశమే లేదు కాబట్టి ముల్లర్ మనుషులను దించి ఓడలను ముంచాడు. కబింగాను మాత్రం ముంచలేదు. అందులో సరుకు చాలావరకు తటస్థులైన అమెరికన్లది. ముంచితే జర్మనీ పరిహారం కట్టాల్సి వస్తుంది. అందుకే అప్పటికి పట్టుబడ్డ ఓడల సిబ్బందిని దానిలోకి ఎక్కించి కలకత్తాకు పంపించాడు. ఇటలీ ఓడ లోరెడానో తటస్థ ఓడ, దాన్నీ వదిలేశాడు. వదిలిన ఆ ఓడే వెళ్లి బ్రిటిష్‌వాళ్లకు సమాచారం ఇచ్చింది. చట్టాన్ని పాటించినందుకు ముల్లర్ నష్టపోయాడు, అయినా పాటించాడు. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది కూడా ఈ కెప్టెనే. అది వేరే కథ.

వీటన్నిటి కంటే చిక్కైనది గ్రీకు ఓడ పొంటోపోరోస్. గ్రీసు తటస్థ దేశం. కానీ ఓడలో ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వ అవసరానికి పోతున్న 6,500 టన్నుల భారతీయ బొగ్గు, అంటే యుద్ధ నిషిద్ధ సరుకు. సరుకును పట్టుకోవచ్చు, తటస్థ ఓడను ముంచడం మామూలుగా కుదరదు. ముల్లర్ ఆ ఓడను తన వెంట తిప్పుకుని బొగ్గు వాడుకున్నాడు. ఆ బొగ్గు పొగ విపరీతంగా వస్తుందని ఎమ్డెన్ సిబ్బంది విసుక్కున్నారు. అక్టోబరు 12న సుమాత్రా తీరం దగ్గర బ్రిటిష్ నౌక యార్మత్ దాన్ని మళ్లీ పట్టుకుంది. ఇలా తిరిగి చిక్కిన ఓడ విషయంలో ఎవరి హక్కు ఎంత, విడిపించినవాడికి ఎంత ముట్టాలి అన్నది ప్రైజ్ చట్టంలో పాత ప్రశ్న. శత్రువు నుంచి విడిపించిన ఓడ అసలు యజమానికే పోవాలి, విడిపించినవాడికి శ్రమఫలంగా ఒక వాటా ఇవ్వాలి అన్నది స్థూలంగా జవాబు.

అదే యుద్ధంలో ఈ న్యాయశాఖకు తలమానికమైన తీర్పు వచ్చింది. న్యూయార్క్ నుంచి స్టాక్‌హోం వెళ్తున్న స్వీడన్ ఓడ జమోరాను 1915 ఏప్రిల్‌లో బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంది. అందులో 400 టన్నుల రాగి ఉంది. తీర్పు రాకముందే రాగిని ప్రభుత్వం తీసుకోవచ్చని రాజుగారి ఆజ్ఞ ఉంది. 1916 ఏప్రిల్ 7న ప్రివీ కౌన్సిల్ తరఫున లార్డ్ పార్కర్ ఆ ఆజ్ఞను పక్కనపెట్టాడు. ప్రైజ్ కోర్టు అమలు చేసేది దేశాల మధ్య చట్టాన్ని, దాన్ని మార్చే అధికారం రాజుకు లేదు అన్నాడు. యుద్ధం మధ్యలో, సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా, విదేశీ వర్తకుడి పక్షాన వెలువడిన ఆ మాట ఎన్ని తరాలు గడిచినా గౌరవించదగ్గది.

తర్వాతి ప్రపంచ యుద్ధం విశాఖ రేవు దాకా వచ్చింది. ఆ రేవుకూ ఖరగ్‌పూర్‌కూ ఉన్న బంధం చాలామంది మరిచిపోయారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ అక్కడి కొత్త లోపలి రేవులోకి మొట్టమొదట వచ్చింది; డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. తొలినాళ్లలో దాని నిర్వహణ ఖరగ్‌పూర్ మనుషులకు జీతాలిచ్చిన బి.ఎన్.ఆర్. చేతిలోనే ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన రోజుల్లో బంగాళాఖాతంలో సరుకు ఓడలను పట్టుకునే ఓపిక కూడా శత్రువుకు లేకపోయింది. ఎక్కడికక్కడ ముంచేశారు. పట్టుకునే యుద్ధం పోయి ముంచే యుద్ధం వచ్చాక కోర్టుకు పనే లేకుండా పోయింది.

స్వతంత్ర భారతంలో ఈ తగాదాలు 1965 సెప్టెంబరులో తిరిగి తలెత్తాయి. యుద్ధం మొదలవగానే భారత్, పాకిస్థాన్ రెండూ తమ రేవుల్లో చిక్కిన ఎదుటివారి ఓడలనూ సరుకునూ పట్టుకున్నాయి. అస్సాం టీ తూర్పు పాకిస్థాన్ నదుల మీదుగా కలకత్తాకు వచ్చే కాలం అది. ఆ సరుకు కూడా దారిలో ఆగిపోయింది. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ప్రకటనలో, పరస్పరం స్వాధీనం చేసుకున్న ఆస్తుల వాపసు గురించి చర్చిస్తామని ఇద్దరూ రాసుకున్నారు. చర్చిస్తామన్నారే తప్ప ఇస్తామనలేదు. 1968లో భారత్ శత్రు ఆస్తుల చట్టం చేసింది. 1971 యుద్ధకాలంలో, విశాఖ సముద్రంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన ఆ డిసెంబరులో, పార్లమెంటు నౌకా, విమాన ప్రైజ్ చట్టాన్ని ఆమోదించింది. అది 1971లో 59వ చట్టం. ఓడను పట్టుకుంటే ఏం చేయాలో చెప్పడానికి అప్పటికి గాని మన దేశానికి సొంత చట్టం ఏర్పడలేదు.

ఇవాళ్టి పట్టివేతల్లో కోర్టు ఊసే ఉండదు. 2023 నవంబరు 19న యెమెన్ హౌతీలు ఎర్ర సముద్రంలో, గుజరాత్‌లోని పిపావావ్ వైపు వస్తున్న గెలాక్సీ లీడర్‌ను హెలికాప్టర్ దించి పట్టుకున్నారు. దాని 25 మంది సిబ్బంది 2025 జనవరి దాకా బందీలే. 2024 ఏప్రిల్ 13న ఇరాన్ పట్టుకున్న ఎం.ఎస్.సి. ఏరీస్‌లో 25 మందిలో 17 మంది భారతీయులు. ఓడ యజమానికి బీమా ఉంది. నిర్ణీత గడువు దాటితే, మామూలుగా ఏడాది, ఓడ పోయినట్టే లెక్కకట్టి సొమ్ము అడగవచ్చు. నావికుడికి అలాంటి గడువు లేదు.

శ్రీకాకుళం తీరానికి ఈ విషయం ఎంత దగ్గరిదో 2018 నవంబరులో తెలిసింది. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్లి, అక్కడి యజమానుల బోట్ల మీద వేటకు పోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్థాన్ సముద్ర దళం పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉన్నాక, 2020 జనవరి 6న వాళ్లలో ఇరవై మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. మలంచాలో ఆ పల్లెల చుట్టరికాలు ఉన్న ఇళ్లు ఎన్నో. అప్పుడు యుద్ధం లేదు.

యుద్ధమే ఉండి ఉంటే చట్టం వాళ్ల పక్షాన ఉండేదని చెప్పడం బాధాకరమైనా నిజం. 1898లో స్పెయిన్‌తో యుద్ధంలో అమెరికా నౌకాదళం క్యూబా తీరంలో పాకేట్ హబానా, లోలా అనే రెండు చేపల పడవలను పట్టుకుని వేలం వేసింది. ఒకదానికి 490 డాలర్లు, రెండోదానికి 800 వచ్చాయి. పాకేట్ హబానాలో ఉన్నది ముగ్గురు మనుషులు, బతికి ఉన్న చేపలు. 1900 జనవరి 8న అమెరికా సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ గ్రే, 1403లో ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ ఇచ్చిన ఆజ్ఞ దగ్గర మొదలుపెట్టి ఐదు శతాబ్దాల ఆచారాన్ని తవ్వితీశాడు. తీరంలో చేపలు పట్టి బతికే పేదవాళ్ల పడవలను యుద్ధంలో కూడా ముట్టుకోకూడదు, వేలం సొమ్ము నష్టపరిహారంతో సహా తిరిగి ఇవ్వాలి అని తీర్పు చెప్పాడు. 1907 హేగ్ ఒప్పందం ఇదే నియమాన్ని రాతపూర్వకంగా ఖాయం చేసి, చిన్న స్థానిక వ్యాపారం చేసే పడవలకూ వర్తింపజేసింది.

శాంతికాలానికీ నియమం లేకపోలేదు. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో పట్టుకున్న చేపల బోటునూ సిబ్బందినీ తగిన పూచీకత్తు తీసుకుని వెంటనే వదలాలి. రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, చేపల వేట నేరానికి జైలుశిక్ష వేయకూడదు. భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో దీన్ని ఆమోదించాయి. వదలకపోతే 292వ అధికరణం కింద బోటు జెండా ఏ దేశానిదో ఆ దేశం అంతర్జాతీయ కోర్టుకు వెళ్లవచ్చు. హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ 1997లో విన్న మొట్టమొదటి కేసు, సైగా అనే ఓడది, సరిగ్గా ఇలాంటిదే. భారత్ గాని పాకిస్థాన్ గాని తమ మత్స్యకారుల కోసం ఆ తలుపు ఒక్కసారి కూడా తట్టలేదు. 2007లో రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో సంయుక్త కమిటీ ఏర్పాటైంది జైళ్లలో ఉన్న మనుషుల సంగతి చూడటానికి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు ప్రభుత్వాలూ ఒకరికొకరు ఇచ్చుకునే జాబితాల్లో ఉండేవీ మనుషుల పేర్లే.

బోట్ల జాబితా కూడా ఉండాలి. దానితో పాటు ఒక్కో బోటు మీద ఎవరు ఎంత కూలికి ఒప్పుకుని ఎక్కారో కూడా రాయాలి. ఆ ఒప్పంద పత్రం నకలు వెరావల్ యజమాని దగ్గర ఒకటి, శ్రీకాకుళంలోని కుటుంబం దగ్గర ఒకటి ఉండేలా ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ చూడగలదు. దానికి కొత్త చట్టం అక్కరలేదు. బోటు పట్టుబడిన రోజు నుంచి కూలి ఎవరు కట్టాలి, ఎంతకాలం కట్టాలి అన్నది ఆ పత్రంలోనే తేల్చుకోవాలి.